గోడ వెనక కోసిన తీగ

శామ్‌ని చంపడానికి తుపాకీ అవసరం రాలేదు. ఒక తీగ కోస్తే సరిపోయింది.

ఖరగ్‌పూర్‌లో హిజ్లీ అవతల ఒక ప్రైవేటు ల్యాబ్‌లో శామ్ అల్యూమినియం పొడి మీద రిసెర్చ్ చేసేవాడు. ఎంత మెత్తనంటే, ఆ పొడి ముందు ముఖానికి రాసుకునే పౌడరు కూడా ఇసుకే. అది గాల్లోకి లేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు, గది మొత్తం బాంబవుతుంది. అందుకే డబ్బా వంచేముందు, రాపిడికి పుట్టే కరెంటు తీగ గుండా నేలలోకి పోయేలా దానికి ఎర్త్ క్లిప్ తగిలించడం అక్కడి అలవాటు. అన్నం ముందు ప్రార్థనలాగే శామ్ దాన్నీ ఒక్కనాడూ మానలేదు. ఆ రోజూ క్లిప్ తగిలించాడు. దాని తీగ మాత్రం గోడ వెనక కోసి ఉంది.

"యాక్సిడెంట్ కాదు, మర్డర్," అంది చీఫ్ రాధారాణి. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పాత రైల్వే కాలనీలో ఖాళీగా ఉన్న క్వార్టరది. ఎదురుగా కూర్చున్న సీక్రెట్ ఏజెంట్ జాన్ పాల్, శామ్‌కి సొంత అన్న.

"టార్గెట్ పేరు క్రేన్. విదేశీయుడు. ఇక్కడే తాల్‌బగీచాలో పెయింట్ల గోడౌన్ అతని కవర్. శామ్ చేసిన పొడి ఒక డబ్బా అతని దగ్గరుంది. మిస్సైల్ ఇంధనానికి పనికొచ్చే సరుకు. ఈ సాయంత్రం బండికి దాటిస్తాడు. ముందు చూసి రమ్మని కొనేవాళ్ళు ఒక టెస్టర్ని పంపారు. అతను మన కస్టడీలో ఉన్నాడు. అతని బదులు నువ్వు వెళ్తావు."

"వెళ్ళి?"

"క్రేన్ మనుషులు ఇంకో రెండు ల్యాబుల్లో ఉన్నారు. వాళ్ళ పేర్లు కావాలి. క్రేన్ ప్రాణాలతో కావాలి."

"ప్రాణాలతోనా మేడమ్?"

"అది ఆర్డర్."

"ల్యాబ్ తాళాలు వాడికి అందించిన ఏంజలిన్?"

"ఆమె సంగతి నాకు వదిలెయ్."

చొక్కా బొత్తాంలో మైక్, చేతికి పిస్టల్ ఇచ్చి పంపింది. జాన్ పాల్ ఇంటికెళ్ళి పిస్టల్ బీరువాలో పెట్టేశాడు. వంటింట్లోంచి గ్యాస్ లైటర్ తీసి టెస్టర్ కిట్‌లో వేసుకున్నాడు. తల్లి దోర్కమ్మ చాప మీద నిద్రపోతోంది. శామ్ పోయాక ఆమెకు కన్ను మూతపడటం అదే మొదలు. ఆమెను లేపకుండా తలుపు మెల్లిగా దగ్గరకు వేశాడు.

పెట్టుడు గడ్డం, లావుపాటి కళ్ళద్దాలతో గోడౌన్ తలుపు తట్టాడు.

"సిల్వర్ పెయింట్ దొరుకుతుందా?"

"బోగీలకా, పడవలకా?" లోపలి నుంచి ఆడగొంతు.

"పడవలకే."

కోడ్ సరిపోయింది. తలుపు తీసింది ఏంజలిన్. నీలం సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు, గుప్పుమనే సెంటు. ఓల్డ్ సెటిల్‌మెంట్ ఇంజన్ డ్రైవరు కూతురు. ఒకప్పుడు చర్చి క్వయిర్‌లో శామ్ పక్కన నిలబడి పాడిన పిల్ల. ఆమెనీ వదలకూడదని జాన్ పాల్ వచ్చేటప్పుడే అనుకున్నాడు.

"ఆశున్ దాదా," అని బెంగాలీలో లోపలికి పిలిచి దారిచ్చింది. గుర్తుపట్టలేదులే అనుకున్నాడు.

లోపల సీలింగ్ ఫ్యాను కింద బల్ల, దాని మీద డబ్బా. పక్కన తెల్లకోటులో క్రేన్.

"సీలు నేనే వేశాను. త్వరగా కానివ్వు," అన్నాడు ఇంగ్లీషులో.

జాన్ పాల్ సీలు తీసి డబ్బా వంచబోయాడు.

"ఆగు. క్లిప్ లేకుండానా? పిచ్చా నీకు?"

జాన్ పాల్ కిట్‌లోంచి క్లిప్ తీసి డబ్బా అంచుకి తగిలించాడు. క్రేన్ ఊపిరి వదిలాడు. అప్పుడు జాన్ పాల్ ఆ తీగ రెండో కొస పైకెత్తి చూపించాడు. అది ఎక్కడా తగిలించి లేదు. కోసి ఉంది.

"నా తమ్ముడు శామ్‌కి గోడ వెనక కోశావు. నీకు కళ్ళముందే కోశాను. ఆ మాత్రం మర్యాద చేస్తున్నాను." గడ్డం పీకి పక్కన పడేశాడు.

క్రేన్ చెయ్యి కోటు జేబులోకి పోయింది.

"కాల్చు. మొదటి నిప్పు నీదే అవుతుంది."

జేబులో చెయ్యి జేబులోనే ఆగిపోయింది. డబ్బా ఇంకొంచెం వంగింది.

"రెండు ల్యాబులు. పేర్లు చెప్పు."

పేర్లు వచ్చాయి. బొత్తాం అన్నీ వింది. డ్యూటీ అక్కడితో అయిపోయింది.

"ఇక డబ్బా దించు," అన్నాడు క్రేన్ పెదాలు తడుపుకుంటూ. "నీ తమ్ముడు ఒక్క క్షణంలో పోయాడు. నొప్పి కూడా తెలిసుండదు."

ఆ మాట అనకుండా ఉంటే జాన్ పాల్ డబ్బా దించేవాడేమో. ఫ్యాను మీదికి విసిరాడు. గదంతా వెండి మబ్బు కమ్మింది. క్రేన్ మోకాళ్ళ మీద కూలి తల దాచుకున్నాడు. జాన్ పాల్ గ్యాస్ లైటర్ తీసి నొక్కాడు.

టిక్.

నిప్పురవ్వ మెరిసింది. మళ్ళీ నొక్కాడు. టిక్. టిక్.

"ఎంతసేపు నొక్కుతావు అన్నయ్యా? సెయ్యి నొప్పెట్టదేటి?"

పొడి సర్దుకునేసరికి ఏంజలిన్ చేతిలో పిస్టల్ క్రేన్ మెడకి ఆనించి ఉంది.

"ఇదేటిది?" అన్నాడు జాన్ పాల్, చేతికంటిన పొడి చూసుకుంటూ.

"అభ్రకం. పొయ్యిలో ఏసినా అంటుకోదు. పొద్దున్నే మార్సేసి సీలు మళ్ళీ ఏసినాను. అసలు సరుకు స్పిరిట్లో కలిపి ముద్ద సేసినాను. అదింక ఎగరదు."

"మరి నువ్వు తాళాలు..."

"మేడమే ఇమ్మన్నారు. ఈడి గ్యాంగులో సేరాలంటే ఈడు నన్ను నమ్మాల గదా. తీగ కోస్తాడని మాకు తెలీదు." ఆమె పిస్టల్ క్రేన్ మెడకి ఇంకా గట్టిగా ఆనించింది. "నువ్వు ఆర్డర్ వినవని మాత్రం తెలుసు."

"ఈణ్ణి సంపాలని నీకు లేదేటి?"

"ఎందుకు లేదు? ఒక్క సెకన్లో పోతే ఏటి లాభం? జైల్లో గోడ అవతల ఏ సప్పుడైనా ఉలిక్కిపడాల. రోజూ సావాల. అదీకాక, దోర్కమ్మ పెద్దమ్మకి నువ్వు గాక ఇంకో కొడుకు లేడు గదా."

ఏంజలిన్ రెండో చేత్తో జాన్ పాల్ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లైటర్ తీసుకుంది.

సాయంత్రం బండికి క్రేన్ నిజంగానే బయలుదేరాడు, బేడీలతో. తల నుంచి బూట్ల దాకా వెండిరంగు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద జనం అతణ్ణి బొమ్మలా కదలకుండా నిలబడి అడుక్కునే రంగుల వేషగాడనుకున్నారు. ఒక ముసలమ్మ జాలిపడి అతని దోసిట్లో రూపాయి వేసి వెళ్ళింది.

సీజ్ చెయ్యాలా అన్నట్టు చూశాడు కానిస్టేబులు. జాన్ పాల్ వద్దన్నాడు.

"ఉంచుకోనీ. ఈ దేశంలో ఇతను నిజాయితీగా సంపాదించింది అదొక్కటే."