వెనకనుంచి చెప్పు

పొద్దున్న ఎనిమిదింటికి గేటు చప్పుడైంది. వంటింట్లో టీ వడకడుతున్న తల్లి చెయ్యి ఆగిపోయింది.

"వచ్చాడమ్మా మహానుభావుడు," అంది పళ్ళ బిగువున.

హాల్లో కూర్చుని నాన్న ఎన్నికల కరపత్రం ప్రూఫు దిద్దుతున్న కూతురు కిటికీలోంచి తొంగిచూసింది. జీపు బాబాయ్. నాన్న ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నన్నాళ్ళూ ఆయన జీపు నడిపిన కానిస్టేబుల్. చిన్నప్పుడు తనని బడి దగ్గర దింపింది కూడా ఈయనే. ఇద్దరూ రిటైరై ఆరేళ్ళయింది. ఆ ఆరేళ్ళలో రెండుసార్లు కూడా గుమ్మం తొక్కని మనిషి, నాన్న శాసనసభకి పోటీ చేస్తున్నానని ప్రకటించిన దగ్గర్నుంచి రోజూ ఠంచనుగా దిగిపోతున్నాడు. తిన్నగా వెనక గదిలోకి వెళ్తాడు. నాన్న తలుపేస్తాడు. అరగంట తర్వాత బాబాయ్ చెమటలు తుడుచుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోతాడు.

తలుపేసుకోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ఇన్‌స్పెక్టర్‌గారి అనుమానం అలాంటిది. పాలవాడు రెండు నిమిషాలు ఆలస్యమైతే దారిలో ఎక్కడ ఆగావని అడిగే మనిషాయన. ఎవరి మాట మీదైనా సందేహం వస్తే ఒకటే పరీక్ష, జరిగింది వెనకనుంచి చెప్పమనేవాడు. అబద్ధాన్ని అందరూ ముందునుంచే బట్టీ పడతారు, వెనకనుంచి అడిగితే దొరికిపోతారు అని ఆయన సిద్ధాంతం. దొంగల సంగతేమో గానీ కూతురు మాత్రం బాగానే దొరికిపోయేది. పదో తరగతిలో బడి ఎగ్గొట్టి సినిమాకి వెళ్ళిన రోజు, "గేటు తీశావు సరే, దానికి ముందు?" అన్న రెండో ప్రశ్నకే కళ్ళనీళ్ళు పెట్టేసుకుంది.

"అమ్మా, బాబాయ్ రోజూ ఎందుకొస్తున్నాడు?"

"నాకేం తెలుసు? మీ నాన్ననే అడుగు."

"నువ్వెందుకంత చిరచిరలాడతావు? ఏదైనా పట్టుకుని నాన్నని బెదిరిస్తున్నాడా?"

వడపోత గిన్నె తల్లి చేతిలోంచి జారి కింద పడింది. ఆవిడ వంగి తీసుకుంది. "టీ చల్లారుతోంది, పట్టుకెళ్ళు. తలుపు కొట్టి వెళ్ళు," అంది గోడకేసి చూస్తూ.

తలుపు కొట్టి వెళ్ళమని అమ్మ ఎప్పుడూ అనలేదు. కూతురికి అనుమానం గట్టిపడింది. నిన్న బాబాయ్ జేబులోకి ఏదో కాగితం తోసుకుంటూ వెళ్ళడం కూడా గుర్తొచ్చింది. పదకొండింటికి కరపత్రం ప్రెస్సుకి వెళ్ళాలి, మధ్యాహ్నం నామినేషన్. ఈలోగా ఆ మనిషి నోట ఏం బయటపడుతుందో అనుకుంటూ టీ పళ్ళెం అందుకుంది.

కరపత్రం నిండా ఒకటే కథ. ఇరవై రెండేళ్ళ కిందట ఎనిమిదేళ్ళ పాప కనపడకుండా పోతే, తల్లి స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చింది. క్షణం ఆలస్యం చేయకుండా జీపెక్కి, పాత గోదాము తాళం పగలగొట్టి, చీకటి పడేలోగా పాపని తల్లి ఒళ్ళో పెట్టిన అధికారి కథ. హాలు గోడ మీద మెరుస్తున్న పతకం దానిదే. అప్పుడు కూతురికీ ఎనిమిదేళ్ళే. ఆ కథ చెప్తేనే అన్నం తినేది. అది విని విని పెరగబట్టే, ఇవాళ తప్పిపోయిన పిల్లల కోసం వచ్చే ఫోన్లు తీసే ఉద్యోగంలో చేరింది. ఏ తల్లి ఫోన్ చేసినా "రేపు చూద్దాం" అనకపోవడమే ఆమెకి తెలిసిన ఉద్యోగధర్మం.

టీ పళ్ళెంతో వెనక గది దగ్గరికొచ్చేసరికి లోపలినుంచి బాబాయ్ గొంతు వినబడింది. పాఠం అప్పజెబుతున్నట్టుంది.

"అప్పుడు సార్ నాతో జీపు తియ్యి అన్నారు. నేను... అదీ... రేపు చూద్దాం సార్ అన్నాను. సార్ నా మీద కోప్పడి..."

"నసగకయ్యా! రేపు అన్నది నువ్వేనని గట్టిగా చెప్పాలి. ఆ తల్లికి ఆ మాట గుర్తుంది, విలేకరులతో అంటోంది. వాళ్ళు నీ దగ్గరికొచ్చి గుచ్చిగుచ్చి అడుగుతారు. మళ్ళీ మొదట్నుంచి."

కూతురు తలుపు తోసింది. నాన్న కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా బాబాయ్, ఉద్యోగంలో ఉన్నప్పటిలాగే నిటారుగా నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం, దాని మీద నాన్న చేతిరాత. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆ కాగితం లాక్కుంది.

"బాబాయ్, ఇది వెనకనుంచి చెప్పండి."

"పాపా, అదేంటమ్మా..."

"చెప్పండి. పాప తల్లి ఒళ్ళో ఉంది. దానికి ముందు?"

బాబాయ్ ఓసారి నాన్నకేసి చూశాడు. "దానికి ముందు... జీపులో పడుకోబెట్టాను. సార్ పడుకోబెట్టారు. దానికి ముందు జాకీ రాడ్డుతో తాళం కొట్టాను. కాదు, సార్ కొట్టారు. నేను... నేను ఊరికే పక్కనున్నాను." చెప్తూనే కుడి బొటనవేలిని ఎడమ పిడికిట్లో దాచుకున్నాడు. దాని మీద పొడుగాటి పాత మచ్చ ఉందని కూతురికి చిన్నప్పట్నుంచీ తెలుసు. స్టీరింగు పట్టుకున్నప్పుడు రోజూ చూసేది.

ముప్పయ్యేళ్ళు జనాన్ని వెనకనుంచి అడిగిన మనిషి, తన సాక్షికి ముందునుంచి మాత్రమే నేర్పాడు. ఇలా అడిగేవాళ్ళు లోకంలో తానొక్కడే అనుకున్నాడు కాబోలు. ఇంట్లో ఇంకొకరిని తయారు చేశానన్న సంగతే మర్చిపోయాడు.

"నన్నే విచారిస్తున్నావా?" ఇన్‌స్పెక్టర్ లేచాడు.

"మీరు నేర్పిందే నాన్నా. ఇప్పుడు మీరు చెప్పండి."

"పాప తల్లి ఒళ్ళో ఉంది. దానికి ముందు జీపు. దానికి ముందు..." అంతే. ఆ గొంతు ఆగిపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు.

"దానికి ముందు మీరు ఇంట్లో ఉన్నారు." గుమ్మంలోంచి తల్లి అంది. "సాయంత్రం ఐదింటికొచ్చి బూట్లు విప్పారు. ఎవరో తల్లి గోల చేస్తోంది, పిల్ల ఏ స్నేహితురాలింట్లోనో ఉంటుంది, రేపు రమ్మన్నాను అన్నారు. టీ తాగి పడుకున్నారు. పాప దొరికిందని ఈయనొచ్చి లేపాక మళ్ళీ బూట్లు తొడుక్కున్నారు."

కూతురు తల్లివైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు. ఇన్నేళ్ళూ ఆ పతకం తుడిచింది నేనే కదే. నువ్వు నోరు తెరుచుకుని వింటూ ఉంటే ఎలా చెప్పమంటావు? మీ బాబాయ్ గడప తొక్కితే నాకు కోపమనుకున్నావు. కోపం కాదే, సిగ్గు."

కూతురు మళ్ళీ తండ్రి ముందుకొచ్చింది. "నాన్నా, మా ఆఫీసులో ఎవరైనా రేపు చూద్దాం అంటే నేను మీ కథ చెప్తాను. మీ కథ చెప్పి వాళ్ళ నోళ్ళు మూయిస్తాను. అసలు ఆ మాట అన్నదే మీరా? అన్నారు సరే, దాన్ని తీసుకెళ్ళి బాబాయ్ నోట్లో పెడతారా?"

"పర్లేదు పాపా," బాబాయ్ కంగారుగా అడ్డుపడ్డాడు. "సార్ గెలిస్తే నలుగురికీ మంచిది. ఒక్క మాటకి నాకేం పోతుంది?"

ఆ మాట కూతురి కోపం కంటే గట్టిగా తగిలింది ఇన్‌స్పెక్టర్‌కి. ఎదురుగా ఉన్న మనిషిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. వారం రోజులుగా ఇతన్ని నిలబెట్టే చదివిస్తున్నానని అప్పుడు గమనించాడు.

"నువ్వు ఆ కథ అడిగినప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాణ్ణి," అన్నాడు కూతురితో. "నీ కళ్ళలో అంత పెద్దవాణ్ణయ్యాక దిగడం చేతకాలేదమ్మా." తన కుర్చీ లాగి బాబాయ్ ముందుకు జరిపాడు.

"కూర్చో."

"పర్లేదు సార్."

"కూర్చోవయ్యా బాబూ. ఇప్పుడు జరిగింది జరిగినట్టు నువ్వు చెప్పు, నేను రాస్తాను."

బాబాయ్ కుర్చీ అంచున ఒద్దికగా కూర్చున్నాడు. ఆయన చెప్తుంటే ఇన్‌స్పెక్టర్ మంచం మీద ఒదిగి కూర్చుని తెల్లకాగితం మీద రాశాడు. ఒకచోట పెన్ను ఆగింది.

"రాయండి నాన్నా," అంది కూతురు మెల్లగా. ఆయన రాశాడు.

అంతా అయ్యాక తలెత్తి, ఇరవై రెండేళ్ళలో అడగని ప్రశ్న అడిగాడు. "రాడ్డు తగిలినప్పుడు బాగా నొప్పేసిందా?"

"తెలీలేదు సార్. లోపల పాప ఏడుస్తోంది కదా."

తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటూ చల్లారిన టీ పళ్ళెం ఎత్తింది. "మళ్ళీ వేడిగా పెడతాను. అన్నయ్యా, చక్కెర ఎంత వెయ్యను?" అంది.

"ఇది వేస్తే ఓడిపోతానేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కాగితం కూతురికి అందిస్తూ. "అయినా ఇదే వెయ్యి. ముందు ఆ తల్లి ఇంటికెళ్ళి చదివి వినిపించి వస్తాను."

ఆమె పాత ప్రూఫు పక్కకి తోసి, కొత్త కాగితం ముందు పెట్టుకుంది. 'ఆ సాయంత్రం ఒక తల్లి నా దగ్గరికొచ్చింది. నేను ఆమెను రేపు రమ్మన్నాను' అని మొదలైంది. తప్పులు దిద్దుదామని పెన్ను పట్టుకుంది గానీ అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి వాక్యం నుంచి చదివింది.