నడవలో తడి

పాలు పొయ్యి మీద పెట్టి, బట్టలు నానబెడదామని స్నానాల గది వైపు వెళ్తున్న కోడలి పాదం నడవలో తడి మీద పడింది. ఆమె గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడిపోయింది. వారంలో ఇది నాలుగోసారి.

"వసపిట్టా! ఇటు రా. నీ ముద్దుల కొడుకు చేసిన నిర్వాకం చూడు!"

వసపిట్ట ఆమె పదకొండేళ్ళ కూతురు. నోరు మూతపడదని తాతయ్య పెట్టిన పేరది. ముద్దుల కొడుకేమో పిడుగు, మూడు నెలల కుక్కపిల్ల. లిఫ్టులు బాగుచేసే తండ్రి ఒక భవనంలో పనికి వెళ్ళి, మెట్ల కింద పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని సంచిలో వేసుకొచ్చాడు. "ఇల్లు పాడు కానంతవరకే" అని తల్లి ఆ రోజే షరతు పెట్టింది.

అందుకే వసపిట్ట దానికి బయటికెళ్ళడం నేర్పే పనిని పరీక్షలా పట్టుకుంది. పిడుగు నిద్ర లేవగానే ఒకసారి, తిన్న పావుగంటకి ఒకసారి, ఆడుకున్నాక ఒకసారి పెరట్లో గోడ మూలకి తీసుకెళ్ళి ఓపిగ్గా నిలబడేది. పని కాగానే "శభాష్ రా నాన్నా" అని బిస్కెట్ ముక్క పెట్టేది. లోపల తప్పు చేస్తే తిట్టకుండా, వాసన మిగలకుండా వెనిగర్ కలిపిన నీళ్ళతో తుడిచేది. నెల తిరిగేసరికి పిడుగే వెళ్ళి పెరటి తలుపు గీరడం నేర్చుకుంది. పగలంతా ఇల్లు శుభ్రంగా ఉండేది. తెల్లవారేసరికి మాత్రం తాతయ్య గదికీ స్నానాల గదికీ మధ్య నడవలో తడి కనిపించేది.

తాతయ్య నలభై ఏళ్ళు దర్జీ పని చేసినవాడు. పని మానేసినా ఇస్త్రీ చొక్కా లేకుండా గది దాటేవాడు కాదు. ఈ మధ్య సాయంత్రం షికారు మానేశాడు. టీ ఇస్తే సగం చాలనేవాడు. మధ్యాహ్నాలు తలుపేసుకుని కుట్టు మిషను తొక్కుతుంటే, ఏం కుడుతున్నావని మనవరాలు అడిగింది. పిడుగుకి పరుపు అన్నాడు. రోజులు గడిచినా ఆ పరుపు బయటికి రాలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఉదయం మాత్రం తండ్రికి ఓపిక నశించింది. వసపిట్ట వెనకాలే తోకాడిస్తూ వచ్చిన పిడుగుని మెడ పట్టి లాక్కెళ్ళి, ముక్కు తడిలో అదిమి, చుట్టిన పేపరుతో రెండు దెబ్బలు వేశాడు. అది కీచుమంటూ గోడ మూలకి నక్కింది.

"మా మేస్త్రీ ఎప్పటినుంచో కుక్కపిల్ల కావాలంటున్నాడు. ఇవాళే ఇచ్చేస్తా."

"ఇచ్చేయండి, పీడా పోతుంది," అంది తల్లి. "ఒళ్ళు తెలియని జీవాన్ని ఇంట్లో పెట్టుకుని చాకిరీ చెయ్యడం నా వల్ల కాదు. పొద్దున్నే ఈ కంపు ఎత్తిపోసి, మళ్ళీ ఎనిమిదింటికల్లా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చోవాలి. నాకేం ఇనుప ఒళ్ళా?"

"అది చెయ్యలేదమ్మా!" వసపిట్ట పిడుగుని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. "మీరు రోజూ తిడుతున్నారని రాత్రి నా గదిలోనే పెట్టుకుని గడియ వేశా. నువ్వు పిలిచాకే తీశా. అది నడవలోకి రానే లేదు."

"మరి ఎవరు చేశారే? నేను చేశానా? కుక్క కోసం అబద్ధాలు కూడా నేర్చావా?"

"ఒట్టు అమ్మా..."

తల్లి చెయ్యి లేచింది. చెంప ఛెళ్ళుమంది.

తాతయ్య గది తలుపు తెరుచుకుంది. ఆయన గడప మీద నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"పిల్లని కొట్టకమ్మా. అది నిజమే చెప్పింది." ఆయన తల దించుకున్నాడు. "ఆ పని కుక్కది కాదు. నాది."

వంటింట్లో పాలు పొంగి మాడు వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు.

"నీదేంటి నాన్నా?" కొడుక్కి అర్థం కాలేదు.

"ఆగడం లేదురా. మెలకువొచ్చి గది దాటేలోపే అయిపోతోంది. గుడ్డ తెచ్చి తుడుద్దామనుకునేలోపు ఒక్కోరోజు మీరు లేచేస్తున్నారు. మొదటిసారి కోడలు కుక్కని తిట్టింది. నాకు నోరు పెగల్లేదు. మూగజీవం, రెండు తిట్లు పడితే ఏం పోతుందిలే అనుకున్నా. ఇందాక నువ్వు దాన్ని కొడుతుంటే తలుపు వెనకే ఉన్నాను. అప్పుడూ బయటికి రాలేకపోయా. ఎంత పిరికివాణ్ణో చూడు."

"నాకొక్కమాట చెప్తే సరిపోయేది కదా నాన్నా!"

ముసలాయన కోడలి వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు. "అమ్మాయి రోజూ అంటూనే ఉంది కదా, ఒళ్ళు తెలియని జీవాన్ని ఇంట్లో పెట్టుకోలేనని. కుక్కనే అంటోందని తెలుసు. తగిలేది మాత్రం నాకు."

కోడలు ఆయన్ని దాటుకుని, తడిసిన బట్టలు తీద్దామని గదిలోకి వెళ్ళింది. మిషను పక్క పెట్టెలో పిడుగు పరుపు లేదు. పాత దుప్పట్లు కత్తిరించి నాలుగు మడతలుగా కుట్టిన గుడ్డలున్నాయి, నడుముకి కట్టుకునే నాడాలతో సహా. కొన్ని ఉతికి మడతపెట్టినవి, కొన్ని కొత్తవి. ఎన్ని కుట్టినా తడి ఆగలేదన్నమాట. ప్రతి అంచూ గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఎవరికంటా పడకూడని గుడ్డకి అంత శ్రద్ధగా వేసిన కుట్టు చూసేసరికి ఆమెకి దుఃఖం ఆగలేదు. మంచం పట్టె మీద కూలబడి భోరున ఏడ్చింది.

తాతయ్య కంగారుగా లోపలికి వచ్చాడు. "ఊరుకో అమ్మా. నువ్వు అన్నది కుక్కని."

"ఎవర్ని అన్నా తప్పే మామయ్యా. చేతిలో లేనిదానికి అన్ని మాటలంటానా? మా అమ్మని మా వదిన ఇలా అనుంటే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, గుమ్మంలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. ఎర్రబడ్డ చెంప మీద చెయ్యి వేసి, "తప్పు నాదే తల్లీ. నువ్వు నిజమే చెప్పావు," అంది.

"నొప్పి లేదులే," అంది వసపిట్ట. తర్వాత తాతయ్య వైపు తిరిగి, "పిడుగుకి కూడా మొదట్లో ఆగేది కాదు తాతయ్యా. వేళకి తీసుకెళ్ళాం, తిట్టలేదు, అంతే. నిన్ను కూడా నేను లేపనా?" అని అడిగింది.

"వసపిట్టా!" అని తల్లి కసిరింది. తాతయ్య మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నాడు. కొడుకు బకెట్టు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నడవ తుడవడం మొదలుపెట్టాడు. పిడుగు దూరంగానే ఉండి అతన్ని చూసింది. అతను చెయ్యి చాపినా చాలాసేపటిదాకా దగ్గరికి రాలేదు.

మర్నాడు కోడలు సెలవు పెట్టింది. కొడుకు స్నేహితుడి కారు అడిగి తెచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు అడిగిన ప్రతిదానికీ తాతయ్య గోడ వైపు చూస్తూ కూర్చుంటే కోడలే జవాబులు చెప్పింది. "ఈ వయసులో మగవాళ్ళకి మూత్రం దారిలో గ్రంథి వాయడం మామూలే," అన్నాడు డాక్టరు. "పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వను. మందులతో చాలావరకు అదుపులోకి వస్తుంది. ఇన్నాళ్ళు దాచుకున్నందుకే ఇంత ఇబ్బంది."

తిరుగు దారిలో బళ్ళు నత్తనడక నడుస్తున్నాయి. ముందు సీట్లో తాతయ్య తలుపు పిడి గట్టిగా పట్టుకుని, పెదవులు బిగించి కూర్చున్నాడు. వెనక నుంచి కోడలు గమనించింది. ఆపమని తను చెప్పవచ్చు. కానీ చెప్పలేదు. ఆయన నోటి నుంచే రావాలనుకుంది.

నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది.

"ఒరేయ్," అన్నాడు తాతయ్య మెల్లగా. "ఎక్కడైనా ఆపు. నాకు వెళ్ళాలి."

కొడుకు మరుక్షణమే పక్కనే కనిపించిన పెట్రోలు బంకులోకి తిప్పాడు. ముసలాయన దిగి, తల ఎత్తుకుని, అక్కడి కుర్రాణ్ణి దారి అడిగి నడిచి వెళ్ళాడు. కోడలు కూడా దిగింది. వెనక ఎవరో హారను మోగిస్తున్నా, ఆయన తిరిగి వచ్చేదాకా కారు తలుపు తెరిచి పట్టుకుని అక్కడే నిలబడింది.