గంట తాడు

"వాడు గంట కొడ్తుండా, గిన్నెలు కొడ్తుండా?"

మంచం మీది నుంచి మాసయ్య అరిచిన అరుపుకి, పొయ్యి దగ్గరున్న కూతురు మంగ ఉలిక్కిపడింది. ఎడమచేత్తో అతడు విసిరిన చాయ్ గ్లాసు గోడకు తగిలి, దొర్లుకుంటూ వెళ్ళి, అప్పుడే ఆరాధన ముగించుకుని ఇంట్లో అడుగుపెట్టిన భార్య కురుమమ్మ కాళ్ళ దగ్గర ఆగింది.

"ముప్పై మూడు కొట్టాలె! ఏసయ్య బతికిన ఏండ్లన్ని! వాడు ముప్పై ఒకటికే ఇడిసిపెట్టిండు. ఇరవై ఏండ్లు కొట్టిన నేను... ఒక్కనాడన్న తప్పినానే?" అంటూ మాసయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు!

కురుమమ్మ వంగి గ్లాసు తీసింది. అరచేతులు మాత్రం కొంగులో దాచుకుంది. ఏమని చెబుతుంది పాపం! ఆ 'వాడు' తనేనని కట్టుకున్నవాడికి ఏ నోటితో చెబుతుంది!

పాలమూరు నుంచి కూలిపనికి వచ్చిన మాసయ్యకు, నారాయణగూడలో దొరల కాలంనాటి ఆ రాతి కథీడ్రల్‌లో గంట కొట్టే పని దొరకడం ఆ ఇంటికి పెద్ద గౌరవం. బస్తీలో పేరు పెట్టి పిలిచేవాళ్ళకంటే 'గంట మాసయ్య' అనేవాళ్ళే ఎక్కువ. అలాంటివాడికి క్రిస్మస్ దాటగానే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. సంఘ పెద్దలు కూర్చుని, మీట నొక్కితే మోగే మిషన్ గంట పెట్టించి తాడు తీసేద్దామన్నారు. అది విని కురుమమ్మ పరుగున వెళ్ళి పాస్టరు ప్రేమ్‌సాగర్ అయ్యగారి ముందు చేతులు జోడించింది.

"తాడు దించకుండ్రి అయ్యగారూ! దాన్ని మల్ల పట్టాలెనన్న ఆశతోనే మా ఆయన దినాం రబ్బరు బంతి పిసుకుతుండు. అది పోతే మనిషి దక్కడు. ఆయన లేచేదాంక నేను కొడ్త!"

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి అయ్యగారే, ఈస్టర్ వరకు చూద్దామని గడువిచ్చారు. గంట సరిగ్గా మోగితే తాడు ఉంటుంది, లేకపోతే మిషన్ వస్తుంది.

ఇంట్లో మాత్రం ఆమె నిజం చెప్పలేకపోయింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి సరదాపడి ఆ తాడు పట్టుకుంటే, "ఆడదానికి గంట తాడేందే!" అని నలుగురిలో కసిరిన మనిషి అతడు. ఇప్పుడు తెలిస్తే, తన బతుకు పెళ్ళాం చేతిలోకి పోయిందని కుమిలిపోడూ? అందుకే రాంనగర్ నుంచి ఎల్లేష్ అనే ఆయన వచ్చి కొడుతున్నాడని చెప్పింది. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. అది తెలియని ఇల్లాలు, దొరికిన పేరేదో పెట్టేసింది!

ఆ కథీడ్రల్‌లో వారం ఎంత అందంగా నడుస్తుందో కురుమమ్మను అడగాలి. బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. శనివారం ఇత్తడి దీపస్తంభాలను చింతపండుతో తోమడం, బలిపీఠం మీద ఉతికిన గుడ్డ పరచడం, చిక్కడపల్లి మార్కెట్ నుంచి పూలు తేవడం. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమకాలం కాబట్టి ఇప్పుడన్నీ ఊదారంగు తెరలే. ఇక ఆదివారం పొద్దున ఏడున్నరకు మొదటి గంట! అది వినగానే అశోక్‌నగర్ అపార్టుమెంట్లలో వాళ్ళూ, నాలా పక్క బస్తీలో వాళ్ళూ ఒకేసారి బైబిళ్ళు చేతపట్టుకుని బయలుదేరుతారు. ఇంతమందిని లేపి నడిపించేది తన చేతిలోని తాడేనని తలుచుకుంటే ఆమె ఒళ్ళు పులకరించేది!

అయితే గంట కుదరడం లేదే! అతడు గ్లాసు విసిరిన ఆ రాత్రే, మొగుడి కాళ్ళకు నూనె రాస్తూ మెల్లగా కదిపింది.

"అవునయ్యా, ఆ ఎల్లేష్ ఏం తప్పు చేస్తుండంటవ్?"

"తాడును గుంజుడే గుంజుడు! గంట మల్ల ఎనకకు రావాలె గదా! గుంజుడు ఎవనికైన వస్తది. ఇడుసుడు తెలియాలె. తాడు దానంతట అది పైకి పోయేదాంక ఆగాలె."

"గట్లనా..." అంది కురుమమ్మ అమాయకంగా.

మొగుడి తిట్లను పాఠాలుగా నేర్చుకున్న ఇల్లాలిని మీరెక్కడైనా చూశారా? వారం వారం అతడు తిట్టడం, ఆమె దిద్దుకోవడం! అరచేతులు బొబ్బలెక్కాయి, పగిలాయి, రక్తం కారింది. అయినా తాడు వదల్లేదు. శ్రమకాలంలో ఐదో ఆదివారం గంట మోగుతుంటే మాసయ్య కళ్ళు మూసుకుని లెక్కపెట్టాడు. ముప్పై మూడూ పడ్డాయి! అతడి మొహం ఒక్క క్షణం వెలిగి, వెంటనే మాడిపోయింది.

"నేర్సుకున్నడే..." అన్నాడు. "ఇగ నాతోని పనేముంది! వచ్చే వారం మట్టల ఆదివారం గదా, ఆయనను బువ్వకు తోల్కరా. నా ఎనక తాడు పట్టినోన్ని ఒక్కసారి సూడాలె."

తలగడ కింద ఉన్న పాత రుమాలు తీసి తడుముకున్నాడు. ఇరవై ఏళ్ళు తాడు ఒరుసుకోకుండా అరచేతికి చుట్టుకున్న రుమాలు అది. ఎవరినీ ముట్టనివ్వడు!

కురుమమ్మ అరచేతులు కొంగులోకి ఇంకా లోపలికి దాచుకుంది. "ఆయనకు తీరుతదో లేదో..." అని గొణిగింది.

ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాడు కురుమమ్మ అటు వెళ్ళగానే, మాసయ్య కూతుర్ని తెల్లచొక్కా తొడగమన్నాడు. "ఆటో పిలువు బిడ్డా. ఆయన రాకుంటే నేనే పోత."

మంగ ఆపలేదు. అమ్మ చేతులు చూసీ చూసీ, ఈ దాగుడుమూతలు ఇక చాలనిపించింది ఆ పిల్లకు.

కూతురి భుజం మీద బరువు వేసి, కాలీడ్చుకుంటూ గంట గోపురం గుమ్మం చేరిన మాసయ్య అక్కడే కొయ్యబారిపోయాడు. లోపల కొంగు నడుముకు బిగించి, చెమటతో తడిసిపోయి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది... కురుమమ్మ! ఇరవై నాలుగు... ఇరవై ఐదు... ఇరవై ఆరు...

ఆమె తలెత్తింది. భర్తను చూసింది. తాడు వదిలేసింది. గంట ఆగిపోయింది! బయట మట్టలు పట్టుకుని నిలబడ్డ జనం, సంఘ పెద్దలు, అందరూ గోపురం వైపు తలలెత్తారు.

"మంగ నాయినా... తప్పైంది..."

"ఆపకు!" గర్జించాడు మాసయ్య. "ఇంక ఏడున్నయి!"

ఊతం వదిలేసి, తూలుతూ వచ్చి ఎడమచేత్తో తాడు పట్టుకున్నాడు. "గుంజు... ఇగ ఇడువు... ఆగు... ఆఁ, గుంజు!" ఇద్దరి కళ్ళూ ధారలు కడుతుండగా ఆ ఏడూ మోగాయి.

లోపలికి వచ్చిన ప్రేమ్‌సాగర్ అయ్యగారితో మాసయ్యే ముందుగా అన్నాడు: "అయ్యగారూ, మీ పుస్తకంల నా పేరు కొట్టేసి కురుమమ్మ అని రాయుండ్రి. నాకన్న మంచిగ కొడ్తది. మిషన్ మాట ఇగ ఎత్తకుండ్రి!"

"మరి నువ్వో?" అందామె వెక్కుతూ.

"నేను లెక్కపెడ్త."

అక్కడి రాతిమెట్టు మీద ఆమెను కూర్చోబెట్టి, మూసుకున్న ఆమె గుప్పిళ్ళు విప్పి చూశాడు. పగిలిన బొబ్బలను వేలితో మెల్లగా తడిమాడు.

"ఇన్ని వారాలు నేను తిట్టింది ఈ చేతులనానే..."

జేబులోంచి పాత రుమాలు తీశాడు. ఎడమచేత్తో ఆమె అరచేతికి చుట్టాడు. ముడి వేయడానికి రెండో చెయ్యి కావాలి. మూడు నెలలుగా బంతి పిసికిన కుడిచేతి వేళ్ళు వణుకుతూ లేచి, రుమాలు కొసను పట్టుకున్నాయి.