కువైట్ బూట్లు

తెల్లారగట్ల వంటింట్లో గిన్నె చప్పుడుకు గౌస్ మొహిద్దీన్‌కు మెలకువ వచ్చింది. పంతొమ్మిదేళ్లు కువైట్‌లో కారు నడిపి, ఇక తిరిగి వెళ్లే పని లేకుండా ప్రొద్దుటూరికి వచ్చేసి నాలుగు నెలలైంది. అయినా పొద్దున కళ్లు తెరవగానే తాను ఏ ఊళ్లో ఉన్నాడో కాసేపు వెతుక్కుంటూనే ఉన్నాడు.

“బిడ్డ పోయిందా?” అంటూ వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

“అయిదుకే గ్రౌండ్‌కు పోయింది. గుడ్లు ఉడకబెడతాండా, ఉండు అన్నా ఆగలేదు” అంది భార్య సాజిదా.

“ఇట్ల తే, నేనిచ్చి వస్తా. ఎట్ల పరిగెత్తుతాందో చూసినట్టు కూడా ఉంటాది.”

సాజిదా తటపటాయించింది. “మీరెందుకులే, వచ్చినాక తింటాది” అంది. అతను అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు.

ఆర్షియా వాళ్లకు ఒక్కతే కూతురు. డిగ్రీ అయ్యాక కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష రాసి నెగ్గింది. ఇంకో రెండు నెలల్లో కడపలో దేహదారుఢ్య పరీక్ష. పదహారు వందల మీటర్లు పరిగెత్తాలి. బస్సు వెళ్లిపోతున్నా నడిచే వచ్చే పిల్ల, ఇప్పుడు పరుగు నేర్చుకుంటోంది. ఆ సంగతి ఫోన్‌లో విన్న శుక్రవారమే, కువైట్‌లో మొహిద్దీన్ సెలవంతా బజార్లు తిరిగి ఆమెకు బూట్లు కొన్నాడు. తెల్లగా మెరిసేవి, చీలమండ దాకా కప్పేవి. ఆ షాపులో వాటిని మించిన ఖరీదైన జత లేదు.

కాలేజీ గ్రౌండ్‌లో ఆర్షియాను దూరం నుంచే గుర్తుపట్టాడు. దుపట్టా నడుముకు బిగించి పరిగెత్తుతోంది. అతని ఛాతీ ఉప్పొంగింది. దగ్గరికి వచ్చేసరికి చూపు ఆమె కాళ్ల మీద పడింది. అంచులు చిరిగి రంగు వెలిసిన పాత బూట్లు. పక్కింటి ఆసియావి. కువైట్ బూట్లు మెట్ల మీద ఒక కవర్లో పదిలంగా ఉన్నాయి. గుడ్ల డబ్బా చేతిలోనే పట్టుకుని, పిలవకుండానే వెనక్కి వచ్చేశాడు.

ఆర్షియా ఇంటికొచ్చేసరికి అతను వసారాలో కూర్చుని ఉన్నాడు. ఆమె కాళ్లకు ఇప్పుడు కువైట్ బూట్లున్నాయి. సందు మలుపులో మార్చుకుని వచ్చిందని అర్థమై అతనికి ఇంకా మండింది.

“నా కోసం నాటకమా మ్మా ఇది?”

“అది కాదబ్బా…” అంది ఆర్షియా తండ్రితో.

“పక్కింటి పిల్ల విడిచిన బూట్లు ఏసుకోని ఉరుకుతాండావే, చూసినోళ్లు ఏమనుకుంటారు? అన్నేండ్లు ఆ ఎండల్లో పడి సంపాదించినోడు, బిడ్డకు ఒక జత కొనీల్యా అనుకోరా? నేను తెచ్చినవి నచ్చల్యా నీకు?”

“నచ్చినాయి అబ్బా. శానా బాగుండాయి.”

“బాగుంటే యాల ఏసుకోవు?”

ఆర్షియా పాదాలు వెనక్కి జరుపుకుంది. లోపలినుంచి సాజిదా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఆ బూట్లు ఇప్పు” అంది కూతురితో.

“వద్దులే అమ్మీ.”

“ఇప్పమంటాండా.”

ఆర్షియా అక్కడే కూలబడి బూట్లు, మేజోళ్లు విప్పింది. రెండు పాదాలకూ బొటనవేళ్ల గోళ్లు నల్లగా కమిలిపోయి ఉన్నాయి. మడమల వెనక తోలు లేచి, మానీ మానని పుండ్లు.

“చూడు. ఈ కాలు ఒక్కసారన్నా చూసినావా నువ్వు?” ఎప్పుడూ మీరు అనే సాజిదా నువ్వు అనేసింది. “అవి పరుగు బూట్లు గాదంట, బంతాట ఆడేటోళ్లవంట. ముందర ఇరుకు, వెనక వదులు. అయినా నెల దినాలు అవే ఏసుకోని ఉరికింది, అబ్బా బాధపడతాడని.”

“నాకొక మాట చెప్పచ్చు గదా!”

“ఎన్నడు చెప్పినాం నీకు? చిన్నప్పటి నుంచి నువ్వు పంపిన ఏ జత సరిపోయింది ఈ పిల్లకు? పెద్దవైతే ముందర గుడ్డపీలికలు కుక్కేది. చిన్నవైతే యేళ్లు ముడుచుకునేది. ఫోటో తీసేదాకా నవ్వుకోని నిలబడేది. ఫోటో అయినాక ఇప్పి మంచం కింద పెట్టేది. అబ్బా ఆడ ఒంటరిగా ఉండాడు, బాగుండాయనే చెప్పు అని నేనే నేర్పించినా. తప్పు నాదే.”

సాజిదా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొహిద్దీన్ లేచి బయటికి నడిచాడు.

ఎటు పోతున్నాడో తెలియకుండానే గ్రౌండ్ దాకా వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ రోజులన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. సాజిదా బిడ్డ పాదానికి దారం పెట్టి కొలిచి, ముడి వేసి, పులివెందుల నుంచి కువైట్ వచ్చే అజ్మతుల్లా చేతికిచ్చి పంపేది. ఆ దారం అతని పర్సులో నెలల తరబడి ఉండేది. షాపులో దాన్ని బూటు అడుగున పెట్టి చూస్తుంటే మలయాళీ షాపాయన నవ్వేవాడు. కొన్న జత, జమ్మలమడుగు మనిషి ఎవరో సెలవుకు పోయేదాకా మంచం కింద ఉండేది. ఇంటికి చేరేసరికి ఏడాది. ఏడాదిలో బిడ్డ కాలు ఆగుతుందా? ఆ చిన్న లెక్క తనకు ఎన్నడూ ఎందుకు తట్టలేదు?

ఒకసారి సెలవు ముగిసి జీపెక్కుతుంటే, ఆరేళ్ల ఆర్షియా వెనకాలే పరిగెత్తుకొచ్చింది. ఒక బూటు ఊడి దూరంగా పడింది. అతను నవ్వి చెయ్యి ఊపాడు. కువైట్ గదిలో ఆ ముచ్చట అందరికీ చెప్పి మరీ నవ్వించాడు. ఆ బూటు వదులై ఊడిందని అప్పుడు తట్టనేలేదు.

“ఏమప్పా మొహిద్దీన్, ఒక్కనివే కూర్చున్నావు?”

గురురాజారావు సారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. పరీక్షకు పోయే పిల్లలకు పొద్దున్నే పరుగు నేర్పుతాడు. మొహిద్దీన్ దాచుకోకుండా అంతా చెప్పాడు.

“నేనే చెప్పినా ఆ బూట్లు వద్దని” అన్నాడు సారు. “ఖరీదు కాదప్పా చూడాల్సింది. బిడ్డను సాయంత్రం పూట షాపుకు తీసుకపో. పొద్దంతా తిరిగినాక పాదం కొంచెం ఉబ్బుతాది, అప్పుడే కొలత సరిగ్గా తెలిసేది. పరిగెత్తేటప్పుడు ఏసుకునే మేజోళ్లతోనే చూడాల. పొడుగాటి యేలు ముందర చేతి బొటనవేలు మందాన చోటుండాల. మడమ జారగూడదు. రెండు కాళ్లకూ ఏసుకోని నాలుగడుగులు ఉరికి చూడాల. పరీక్ష దినం కొత్తవి ఏసుకుంటే మోసమే, ఇప్పుడే కొని అలవాటు చెయ్. ఇంకొక మాట. ఏ జత మంచిదో నాకూ తెలీదు, నీకూ తెలీదు. ఆ పిల్ల కాలుకే తెలుసు. దాన్ని అడుగు.”

ఆ సాయంత్రం మొహిద్దీన్ కూతురిని బజారుకు తీసుకెళ్లాడు. షాపాయన కొలత తీయబోతే “నేను చూస్తా లేప్పా” అని నేల మీద కూర్చుని, ఆర్షియా పాదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు.

“అబ్బా, అందరూ చూస్తాండారు” అని ఆమె కాలు వెనక్కి లాక్కోబోయింది.

“చూడనీ.”

బొటనవేలి కంటే పక్కవేలు పొడుగ్గా ఉంది. అతను ఆ వేలిని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. అచ్చం తన తల్లి ఖమ్రున్నీసా పాదం. చిన్నప్పుడు రోజూ సాయంత్రం ఒత్తిన పాదం. ఆమె పోయినప్పుడు రాలేకపోయాడు.

“ఇది మా అమ్మ కాలు మ్మా.”

“తెలుసు అబ్బా. జేజి ఎప్పుడూ చెప్పేది.”

ఇంట్లో అందరికీ తెలుసు. తనకే ఇప్పుడు తెలిసింది.

మొదటి జత తొడిగి లేసులు కట్టాడు. “ఎట్లుండాయి?”

“బాగుండాయి అబ్బా” అంది ఆర్షియా, చటుక్కున, నవ్వు మొహం పెట్టి.

ఆ నవ్వు అతనికి తెలుసు. పంతొమ్మిదేళ్లు కువైట్ గది గోడకు అంటించుకుని చూసుకున్న నవ్వు.

“ఫోటో తీయడానికి ఇప్పుడు ఎవరూ లేరు బిడ్డా” అన్నాడు. “నేను యాడికీ పోను. బాధపడను. యాడ నొప్పిగా ఉంటే ఆడ చెప్పు.”

ఆర్షియా బూటులో వేళ్లు కదిపి చూసింది. తర్వాత నెమ్మదిగా, “చిటికెన యేలు కాడ నొక్కుతాంది” అంది.

మొహిద్దీన్‌కు ఏదో బహుమానం అందినట్టయింది. “తీసేయ్! ఇంగోటి తెమ్మను!”

రెండో జత బరువన్నది. మూడోది మడమ దగ్గర జారుతోందన్నది. నాలుగోదానికి మొహం చిట్లించి, “దీని రంగు చూడు, నీ కువైట్ బూట్ల మాదిరే ఉంది” అనేసి నాలుక కరుచుకుంది. అతను పగలబడి నవ్వాడు. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. అయిదో జత బూడిద రంగుది, చూడ్డానికి ఏమీ లేనిది. దాన్ని వేసుకుని ఆర్షియా షాపు ముందు సందులో ఆ చివరిదాకా పరిగెత్తి వచ్చింది. “ఇవి అబ్బా. ఇవి ఏసుకుంటే ఏమీ ఏసుకున్నట్టే లేదు” అంది.

రెండు నెలల తర్వాత కడపలో పరుగు పరీక్ష జరిగింది. తల్లిదండ్రులను లోపలికి రానివ్వలేదు. మొహిద్దీన్ గేటు బయట ఎండలో నిలబడ్డాడు. మధ్యాహ్నానికి ఆర్షియా బయటికొచ్చి, “పాసైనా అబ్బా” అంది ఒక్క ముక్కలో. తిరుగు బస్సులో కూర్చున్నాక మొదలుపెట్టింది. ఎండ ఎంత మండిందో, మలుపులో ఒక పిల్ల మోచేత్తో ఎట్లా పొడిచిందో, మూడో చుట్టులో ఏడుపెలా వచ్చిందో, ఇప్పుడు ఎంత ఆకలిగా ఉందో. చాపాడు దాటినా ఆమె ఫిర్యాదులు అయిపోలేదు.

మొహిద్దీన్ కిటికీ వైపు మొహం తిప్పుకోలేదు. కళ్లు నిండుతున్నా కూతురి వైపే చూస్తూ, “ఊ, చెప్పు మ్మా, ఇంకా?” అంటూ పోయాడు.