జత లేని ఎలక్ట్రాన్

"స్కోరెంత?"

"వాన పడి ఆట ఆగింది సార్."

కోడ్ సరిపోయింది. ఢిల్లీ నుంచి ఫోన్‌లో చీఫ్ శేషగిరి నేరుగా పనిలోకి దిగాడు.

"రాత్రి నువ్వు పంపిన రిపోర్టు కరెక్టే నజీమ్. ఉదయశ్రీ అమ్ముడుపోయింది. మన ఏజెంటుగా ఉంటూనే ఆ విదేశీ ముఠాకి పనిచేస్తోంది. ఇవాళ సాయంత్రం ఆరింటి సింగపూర్ ఫ్లైట్. నువ్వు నకిలీ శాంపిల్ ఇవ్వాలి. అనుమానం రాకూడదు. ఎయిర్‌పోర్టులో ముఠావాడితో సహా పట్టుకుంటారు. ఎనీ క్వశ్చన్స్?"

"నో సార్."

ఒక ప్రశ్న ఉంది. అది బాస్‌ని అడిగేది కాదు.

1999 నవంబరు, శుక్రవారం ఉదయం. నంద్యాల నజీముద్దీన్ సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లోని ఈ అద్దె ఫ్లాట్‌కి వచ్చి పద్నాలుగు నెలలైంది. పైకి యూనివర్సిటీ ల్యాబ్‌లో రీసెర్చర్, లోపల ఏజెంట్. పక్క ఫ్లాట్‌వాడు ఇంతవరకు పేరైనా అడగలేదు. అంత పెద్ద సిడ్నీలో అతనితో తెలుగు మాట్లాడేది ఒక్క ఉదయశ్రీ. కర్నూలు మనిషి. ల్యాబ్ కంప్యూటర్లకి వైటూకే రిపేర్లు చేసే కాంట్రాక్టర్ వేషం. నల్ల సూటులో ఆమె కారిడార్‌లో నడిచొస్తుంటే ప్రొఫెసర్లు ఫార్ములాలు మర్చిపోయేవారు. ఆమె మాత్రం నజీమ్ జోకులకే నవ్వేది. అవేమంత గొప్ప జోకులు కావు, పాపం.

నిన్న ఆమే అడిగింది. "శాంపిల్ తెచ్చియ్యి. ఇద్దరం పోదాం. టికెట్లు రెండు తీసినా."

సరేనన్నాడు. రాత్రికి రిపోర్టూ పంపాడు. ఆ రెండో టికెట్ నిజంగా తనకేనా? ఆ ప్రశ్నే తెల్లారేదాకా నిద్రపోనియ్యలేదు.

శాంపిల్ అంటే పావు గ్రాము నల్ల పొడి. ప్రొఫెసర్ ద్వారకానాథ్ ఆరేళ్ళు చచ్చీచెడీ తయారుచేసిన కార్బన్ సెమీకండక్టర్. దానితో బట్టలా మడతపెట్టుకునే స్క్రీన్ చెయ్యొచ్చు. ఉన్నది ఒకే ట్యూబు. నజీమ్ దాన్ని లాకర్‌లో దాచి, అలాంటిదే ఇంకో ట్యూబులో వేరే నల్ల పొడి పోసి సీలు వేశాడు.

మధ్యాహ్నం మూడింటికి ఉదయశ్రీ రెజొనెన్స్ మెషిన్ ఉన్న గదికి వచ్చింది. లోపల పెద్ద అయస్కాంతం. వాచీలు బయట ట్రేలో పెట్టాలి. నజీమ్ తన పెన్ను కూడా అక్కడే పెట్టాడు. అందులో సంస్థ ఇచ్చిన మైకు ఉంది. ఇక లోపల ఏం జరిగినా వినే దిక్కు లేదు.

"ముందు మెషిన్‌లో పెట్టి చూపియ్యి. నీ మీద నమ్మకం లేక కాదప్పా."

"నమ్మకం లేకనే."

"అట్లే అనుకో," నవ్వింది.

ట్యూబుని అయస్కాంతం మధ్యలోకి దించాడు. నిక్కచ్చి యంత్రమది. జంటగా ఉన్న ఎలక్ట్రాన్లను పట్టించుకోదు. జత లేకుండా ఒంటరిగా మిగిలిన ఎలక్ట్రాన్ ఉంటేనే బదులొస్తుంది, స్క్రీన్ మీద గీత లేస్తుంది. అసలు శాంపిల్‌కి లేస్తుంది. దీనికి లేవకపోతే ప్లానంతా గంగలో కలిసినట్టే.

గీత లేచింది. సరిగ్గా లేవాల్సిన చోటే.

ఉదయశ్రీ స్క్రీన్ దగ్గరికి వంగింది. "లైను లావుగా ఉందే?"

నజీమ్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. "పవర్ ఎక్కువ పెట్టినాను. తగ్గించి మళ్ళ తీస్తా. నలభై నిమిషాలు పడుతుంది. ఫ్లైట్ ఎన్నింటికి?"

ఆమె స్క్రీన్ వదిలి అతని మొహం చూసింది. చాలాసేపు చూసింది.

"వద్దులే. నిన్ను గూడా నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మేది? నేను ముందు పోతా. గేట్ దగ్గరికి రా. లేట్ చెయ్యొద్దప్పా."

ట్యూబు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది. నజీమ్‌కి నిజంగానే ఆమె వెనక పరుగెత్తాలనిపించింది, ఏడుపొచ్చేంతగా అనిపించింది. ట్రేలోంచి పెన్ను తీసి, "సరుకు బయల్దేరింది," అన్నాడు.

ఆరున్నరకి ఫ్లాట్‌లో ఫోన్ మోగింది.

"వెల్ డన్! ఇద్దరూ దొరికారు. వెంట్రుకవాసిలో తప్పిపోయేవాళ్ళే. పోలీసులు ట్రాఫిక్‌లో ఇరుక్కుని, గేటు మూస్తుండగా వచ్చారు. ముఠావాడు పదమని గొడవ చేస్తున్నా ఆవిడ ప్లేనెక్కలేదట. ఎవరికోసమో చూస్తూ నిలబడిందట. లేకపోతే ఎగిరిపోయేదే."

నజీమ్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"రెండో టికెట్ నీ పేరు మీదే ఉందయ్యా," అన్నాడు శేషగిరి, కాస్త నెమ్మదిగా. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అది సరే, ట్యూబులో ఏం పోశావు? గీత లేచిందని ఆవిడే చెప్పిందట. మెషిన్‌నే బోల్తా కొట్టించావే!"

"మాడిన అన్నం సార్. అదీ కార్బనే కదా. జత లేని ఎలక్ట్రాన్లు బోలెడు."

"నీకెలా తెలుసు?"

"ఒక ఆదివారం అన్నం మాడింది. ఏమీ తోచక మెషిన్‌లో పెట్టి చూశా."

శేషగిరి పగలబడి నవ్వాడు. "ఇకనైనా వంట నేర్చుకో!"

"వంట వచ్చు సార్. మాడిపోతోంది దించు అని చెప్పే మనిషే లేదు."