చేతికివ్వని ఉప్పు

పళ్ళు తోముకుని, నోరు పుక్కిలించి, అద్దం ముందు ఒకసారి "ఆ" అనడం 2074 నాటికి అందరికీ అలవాటైపోయింది. అద్దం మూలన ఉన్న గాజుకన్ను నోటి లోపలి చిత్రం తీస్తుంది. డికాక్షన్ దిగేలోపు ఆ చిత్రం కాకినాడలోని చిత్ర విశ్లేషణ కేంద్రానికి చేరుతుంది, కొలతలు పూర్తవుతాయి, ఇంటికి కబురు వస్తుంది. ఎక్కువమందికి వచ్చే కబురు "బాగుంది" అనే. అందుకే ఎవరూ దాన్ని పట్టించుకోరు.

చిత్రాన్ని చదివేది ఒకే యంత్రమని బయటివాళ్ళు అనుకుంటారు. లోపల ప్లగిన్లనే చిన్న చిన్న పనిముట్లుంటాయి. ఒకటి కణాల అంచులు గీస్తుంది, ఇంకొకటి లెక్కపెడుతుంది, మరొకటి రంగు కొలుస్తుంది. ఒకదాని పని ఇంకొకదానికి తెలియదు. వాటిని వరసగా పిలిచి పని చెప్పేది మాక్రో. పెళ్ళివంటల దగ్గర వంటమేస్త్రి లాంటిదన్నమాట. ప్లగిన్ కొలిచిన విలువ మాక్రోకు సరిగ్గా అందాలి. చిక్కంతా అక్కడే.

పూర్వం వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక జ్ఞాపకస్థలం ఉండేది. దానికి 'గట్టు' అని పేరు. మన ఇళ్ళల్లో ఉప్పు చేతికివ్వరు, తగువొస్తుందని. గట్టు మీద పెడితే అవతలివాళ్ళు తీసుకుంటారు. విలువలూ అలాగే చేతులు మారేవి. ఒకరోజు ఒక ప్లగిన్ మధ్యలో ఆగిపోయి ఏమీ పెట్టలేదు. అంతకుముందు కొలిచిన మనిషి విలువ గట్టు మీదే ఉండిపోయింది. మాక్రో దాన్నే తీసుకుంది. తునిలో ఒకావిడకు "బాగుంది" అని కబురు వెళ్ళింది. ఆవిడకు బాగాలేదు.

ఆ తర్వాతే డాక్టర్ హైమవతి గట్టు తీసేసి 'చేయందింపు' కనిపెట్టింది. ఇందులో ఇచ్చేవాడు విలువను పట్టుకునే ఉంటాడు. తీసుకునేవాడు ఆ విలువనూ, అది ఎవరిదో ఆ పేరునూ తిరిగి చెప్పి "అందింది" అన్నాకే వదులుతాడు. "అందలేదు" అంటే మళ్ళీ కొలిచి మళ్ళీ ఇవ్వాలి. చెడ్డ కబురైతే వరస చివర దాన్ని అందుకోవలసింది ఆ చిత్రం తాలూకు మనిషే. మనుషుల చేత మాత్రం కబురు తిరిగి చెప్పించే నియమం పెట్టలేదామె. అంత కర్కశం ఎందుకనుకుంది. "అందింది" అంటే చాలు.

ఈమధ్య చిత్రాల వరస నెమ్మదించింది. ఆ శుక్రవారం కూడా పొద్దుటినుంచీ తెర ముందు కూర్చున్న హైమవతి కళ్ళు మండుతున్నాయి. ఇల్లు సర్దినట్టే ఈ పనీ. ఎంత చేసినా సాయంత్రానికి మొదటికొస్తుంది.

"మళ్ళీ ఆగింది ఇస్మాయిల్."

ఇస్మాయిల్ ఆమెతో పాటు ఈ కేంద్రంలోనే నడివయసుకొచ్చినవాడు. ప్లగిన్లన్నీ చాలావరకు అతను రాసినవే.

"చిన్న బగ్ మేడమ్. సోమవారం చూద్దాం."

"పోయినవారమూ సోమవారమే అన్నావు."

"ఏ సోమవారమో మీరు అడగలేదుగా." అతను నవ్వబోయి సగంలో ఆగాడు. "అయినా ఆ గట్టే నయం మేడమ్. పెట్టినవాడు పెట్టి పోతాడు, కావలసినవాడు తీసుకుంటాడు. మీ చేయందింపు పెళ్ళివారింట మారు వడ్డించేవాళ్ళలాగ వద్దన్నా వదలదు."

క్యారియర్ పట్టుకుని భోజనానికి వెళ్ళిపోయాడు. హైమవతి మాక్రోని అడిగింది.

"ఎక్కడ ఆగుతోంది?"

"ఒకే ఒక్కరి దగ్గర. కబురు ఇచ్చిన ప్రతిసారీ 'అందలేదు' అంటున్నారు. నియమం ప్రకారం మళ్ళీ కొలుస్తున్నాను. వెనకవాళ్ళకు అందుకే ఆలస్యం."

"వాళ్ళింటి లైను పాడైందేమో."

"లైను బాగుంది. తెరుస్తున్నారు, చివరిదాకా చదువుతున్నారు. ఆ తర్వాత 'అందలేదు' అంటున్నారు."

హైమవతి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అందిన విలువను అందలేదనవచ్చని ఏ ప్లగిన్‌కూ తోచదు.

"ఏముంది అందులో?"

"కుడి బుగ్గ లోపల క్యాన్సర్ మచ్చ. కొలిచిన ప్రతిసారీ కాస్త పెరుగుతోంది. ఇప్పుడైతే మందులతో పోతుంది. ఈ నెల దాటితే దవడ తీయవలసి రావచ్చు."

"పేరు?"

"చెప్పే అనుమతి మీ ఒక్కరికే ఉంది. గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

"షేక్ ఇస్మాయిల్."

ఆమెకు అతని క్యారియర్ గుర్తొచ్చింది. ఆవకాయ లేనిదే ముద్ద దిగని మనిషి కొన్నాళ్ళుగా చప్పటి పెరుగన్నం తెచ్చుకుంటున్నాడు. ఎడమ పక్కనే నములుతున్నాడు. బీపీ కాబోలనుకుంది. చూసింది గానీ అడగలేదు.

క్యాంటీన్‌లో కిటికీ పక్కన కూర్చుని ఇస్మాయిల్ అన్నం చెంచాతో మెదుపుతున్నాడు. హైమవతి ఎదురుగా కూర్చుంది. ఉప్పు గిన్నె తీసుకుని అతని ముందుకు చాచింది.

"వద్దు మేడమ్. తగ్గించాను."

"పట్టుకో."

"ఉప్పు చేతికివ్వకూడదు. మీ అత్తగారి రూలేగా? పోట్లాట వస్తుంది."

"రానీ."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. చెంచా కింద పెట్టాడు.

"మాక్రో చెప్పేసిందా?"

"నేనడిగాను."

"పిల్ల పరీక్షలయ్యేదాకా ఆగుదామనుకున్నా మేడమ్. అందిందంటే ఆస్పత్రి మొదలవుతుంది, ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. అందలేదన్నన్నాళ్ళూ..." క్యారియర్ మూత పెట్టాడు. "అందలేదన్నన్నాళ్ళూ అది నాది కాదు. లెక్కపెట్టే ప్లగిన్ నేనే రాశాను. అది తప్పు చెప్పదని నాకంటే ఎవరికి తెలుసు?"

"నెల దాటితే దవడ పోతుంది ఇస్మాయిల్."

"చదివాను."

"రేపు ఆస్పత్రికి నేనూ వస్తాను. మీ ఆవిడకు నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను. ముందు ఇది పట్టుకో."

అతని చేయి లేచింది. వేళ్ళు గిన్నె అంచును పట్టుకున్నాయి.

"అందింది మేడమ్. వదలండి."

ఆమె వదల్లేదు. "ఏమిటో, ఎవరిదో తిరిగి చెప్పు."

"మనుషులకు ఆ రూలు లేదుగా."

"ఇవాళ పెడుతున్నాను."

అతను గిన్నెను తనవైపు లాగాడు. కొంచెం ఉప్పు బల్ల మీద ఒలికింది.

"క్యాన్సర్," అన్నాడు ఇస్మాయిల్. "నాదే."

అప్పుడు వదిలింది.