మేడగదిలో గుయ్యిమనే మోత

"గువ్వా... ఒరే గువ్వా... కిందికి రారా, అన్నం చల్లారిపోతోంది."

అక్క మెట్ల కింద నిలబడి పిలుస్తోంది. పైకి మాత్రం ఒక్క మెట్టు ఎక్కదు.

ఆ మేడగదంటే వీధిలో అందరికీ హడలే. అక్కావాళ్లమ్మ పోయింది ఆ గదిలోనే. తర్వాత అద్దెకు దిగినవాళ్లంతా నెల తిరక్కుండానే సామాను సర్దుకున్నారు. రాత్రిపూట ఎవరో ఆడమనిషి సన్నగా మూలుగుతుందట... తలుపు తీస్తే ఆగిపోతుందట. నేను వినలేదు. ఆ అక్క నాకు చెప్పిందే మీకు చెబుతున్నాను.

గువ్వ ఆమె తమ్ముడు. రేడియోలు, స్పీకర్లు బాగుచేసే కొట్లో పని. అమ్మ పోయేనాటికి వాడికి రెండేళ్లు. ముఖం ఫొటోలో చూశాడు. గొంతు...? అదెలా ఉండేదో తెలీదు. దారిన పోయే ఏ ఆడమనిషి మాట చెవిన పడినా, అమ్మది ఇలా ఉండేదేమో అనుకునేవాడట. ఆ ముక్క విన్నప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అలాంటివాడికి బీరువా అడుగున ఒక కేసెట్టు దొరికింది. దాని మీద అమ్మ చేతిరాత — జోలపాట అని.

పాత టేప్ రికార్డర్లో పెడితే గుయ్యిమనే మోత తప్ప ఏమీ లేదు. మంచి ఆంప్లిఫయరు ఉంటే ఆ మోత కింద నుంచి అమ్మ పైకొస్తుందనుకున్నాడు. సొంతంగా ఒకటి తయారుచెయ్యడం మొదలెట్టాడు. పగలు వీధి రొదలో చిన్న మోత చెవికి ఆనదు కదా... అందుకే రాత్రిళ్లు. అందుకే ఆ గది.

మొదట్లో ఆంప్లిఫయరు సొంత మోతే చెవులు చిల్లులు పడేలా ఉండేది. పవర్ సప్లయిలో కెపాసిటర్లు మార్చాడు — కొంచెం తగ్గింది. ట్రాన్స్‌ఫార్మర్ని పక్కకు తిప్పి బిగించాడు — ఇంకొంచెం తగ్గింది. ఎర్త్ వైర్లన్నీ ఒకే బోల్టు దగ్గర కలిపాడు. టేపు ఆడనంతసేపూ స్పీకరు నిద్రపోయినట్టే ఉంటుంది. టేపు తిరగ్గానే... గుయ్య్య్...

పదకొండు రాత్రులు. కళ్లు లోతుకు పోయాయి. వద్దురా, మానేయరా అని అక్క రోజూ బతిమాలేది. ఎందుకు వద్దో మాత్రం చెప్పేది కాదు.

కొట్టు యజమాని ఎగతాళి చేశాడట — దెయ్యమైతే పట్టుకురారా, దానికీ ఓ ఫ్యూజు వేసి పంపిద్దాం అని. ఆ తర్వాత మెల్లిగా అడిగాడట, ఇంకో కేసెట్టు పెట్టి చూశావా అని.

మోత మిషనుదా, కేసెట్టుదా తేల్చుకోవడానికి పనిలో చేరిన మొదటిరోజు నేర్పే పాఠం అది. కొట్లో గువ్వ వందసార్లు చేసుంటాడు. ఇక్కడ మాత్రం చెయ్యలేదు. చేస్తే ఏం తేలుతుందో వాడి చేతులకి ముందే తెలుసు.

ఆ రాత్రి చేశాడు.

ఏదో వేణువు కేసెట్టు. పెట్టాడు... గదంతా వెన్నెల పోసినట్టయింది. మోత లేదు. పిసరంత కూడా లేదు. ఆ వేణువు మెట్ల మీదుగా దిగి, కింద వంటింట్లో ఉన్న అక్క దాకా వెళ్లింది.

వాడు అమ్మ కేసెట్టు మళ్లీ పెట్టాడు. వాల్యూమ్ చివరికంటా తిప్పాడు. గుయ్య్య్... కళ్లు మూసుకున్నాడు...

అప్పుడు వినిపించింది.

మోత అడుగు నుంచి — సన్నగా, తడితడిగా — ఒక ఆడగొంతు. జోలపాట రాగం. మాటల్లేవు.

స్పీకరుకు చెవి ఆనించబోయి కాలితో వైరు తన్నాడు. లైటు, టేపు, ఆంప్లిఫయరు — అన్నిటికీ అదొక్కటే ప్లగ్గు. ఊడిపోయింది.

చీకటి.

స్పీకర్లో మోత సన్నబడి... సన్నబడి... ఆగింది.

గొంతు ఆగలేదు.

కరెంటు పోయాక కూడా కెపాసిటర్లలో మిగిలింది రెండు క్షణాలు పలికిస్తుందని వాడికి తెలుసు. లెక్కపెట్టాడు. ఒకటి... రెండు... అయిదు... పది...

పాట వీపు వెనక నుంచి వస్తోంది.

తిరిగి చూశాడు. గుమ్మంలో ఒక ఆడమనిషి. జుట్టు విరబోసుకుని ఉంది. వీధిదీపం వెలుతురు ఆమె పాదాల దాకానే పడుతోంది. నేనైతే అక్కడే గుండె ఆగి చచ్చేదాన్ని. వాడు పారిపోలేదు. రెండు చేతులూ చాపాడట.

"అమ్మా..." అన్నాడు, వినీ వినిపించనట్టు.

పాట తెగిపోయింది. ఆ మనిషి గుమ్మంలోనే కూలబడింది. ఏడుపు విన్నాక గానీ వాడికి తెలీలేదు — అక్క.

వేణువు అంత శుభ్రంగా వినిపించగానే, మోత టేపులోనే ఉందని తమ్ముడికి ఇక తెలిసిపోయినట్టేనని ఆమెకు అర్థమైందట. వాడలా ఉత్త మోత వింటూ కూర్చోవడం ఓర్చుకోలేక, మెట్లెక్కి వచ్చి, తనకు గుర్తున్నంత మేర అమ్మ రాగం ఎత్తుకుందట.

"అందులో అమ్మ లేదురా," అంది చివరికి. "అప్పుడు నాకు పదేళ్లు... అమ్మ పాట చివర నేనూ పాడి కలుపుదామనుకున్నా. టేపు మొదట్లోనే ఉందని చూసుకోకుండా రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కేశా. మైకు పిన్ను కూడా సరిగ్గా దూర్చలేదు. పాటంతా పాడానురా... పడింది ఈ మోతే. అమ్మని చెరిపేసింది నేనే."